గోదారి ఒడ్డుకు రెండుసార్లు వచ్చిన నల్లరాయి

కొవ్వూరు దాటి దేవరపల్లి వైపు వెళ్తుంటే పంగిడి, గౌరీపట్నం ప్రాంతంలో రోడ్డు పక్క చెట్లు ఏడాదిలో చాలా రోజులు బూడిద పూసుకున్నట్టు ఉంటాయి. అది క్రషర్ల దుమ్ము. వానలు వెనకబట్టి ఆశ్వయుజం వచ్చేసరికి మాత్రం ఆకులు కడిగినట్టుంటాయి. క్వారీ గోడలూ అంతే. నాలుగు నెలల వాన పేలుళ్ళ పొడినంతా కిందికి దింపి రాతిని బయటపెడుతుంది. ఈ నల్లరాయిని తీరిగ్గా చూడాలంటే దసరాకీ సంక్రాంతికీ మధ్యనే అదను. తరవాత మళ్ళీ దుమ్మే.

కొనేవాళ్ళకి అది 20 ఎం.ఎం. మెటల్, అంటే కంకర. భూగర్భ శాస్త్రవేత్తలకి రాజమండ్రి ట్రాప్స్, అంటే గడ్డకట్టిన బసాల్ట్ లావా. ఈ ట్రాప్‌కీ ఉచ్చుకీ సంబంధం లేదు. స్వీడిష్‌లో మెట్టు అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. పశ్చిమ కనుమల్లో లావా పొరలు మెట్లుమెట్లుగా కనబడతాయి కాబట్టి ఆ పేరు స్థిరపడింది. గోదారికి తూర్పున రాజమండ్రి అంచున కాటేరులో, పడమర గట్టున పంగిడి, దుద్దుకూరు, దేవరపల్లి, గౌరీపట్నాల్లో ఇది పైకి తేలుతుంది. 1880లో విలియం కింగ్ గోదావరి జిల్లా తీరప్రాంతపు రాళ్ళ మీద జియలాజికల్ సర్వే తరఫున రాసిన నాటికే దీని సంగతి తెలుసు. తెలియనిదల్లా ఇది ఎక్కడినుంచి వచ్చిందన్నది. దాని మీద వందేళ్ళకు పైగా వాదులాట నడిచింది.

కొండ లేని అగ్నిపర్వతం

అగ్నిపర్వతం అనగానే శంఖంలాంటి కొండ, నెత్తిన పొగ గుర్తొస్తాయి. గౌరీపట్నం వెళ్ళి అలాంటిది వెతికితే దొరకదు. దక్కన్ పీఠభూమిని కప్పిన ఇదే రకం లావా, దక్కన్ లావా, కొండ కొమ్ము నుంచి చిమ్మలేదు. నేల మైళ్ళ పొడవున చీలి, ఆ చీలికల్లోంచి పొంగి పరుచుకుంది. పొంగలి గిన్నె పొర్లినట్టు అనుకోవచ్చు. ఇప్పటికీ మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, గుజరాత్, కర్ణాటక, తెలంగాణల్లో సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ రాయి మిగిలి ఉంది. పశ్చిమ కనుమల్లో పొరల మందం అంతా కలిపితే సుమారు 2 కిలోమీటర్లు.

లావా పైకొచ్చిన చీలికలు తరవాత అదే రాతితో పూడి గోడల్లా మిగిలిపోతాయి. వాటిని డైకులంటారు. నాసిక్, పుణె పరిసరాల్లో డైకులు కొల్లలు. రాజమండ్రి దగ్గర ఈ లావాకు దారి ఇచ్చిన డైకు ఒక్కటీ దొరకలేదు. దక్కన్ రాయి తెగకుండా ఉన్న తూర్పు అంచు తెలంగాణలో వికారాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి రాజమండ్రికి 400 కిలోమీటర్ల ఖాళీ. మధ్యలో గ్రానైట్, ఇసుకరాయి, సున్నపురాయి తప్ప ఈ నల్లరాయి లేదు.

అందుకే ఇక్కడే విడిగా ఒక చీలిక తెరుచుకుని ఉంటుందని కొందరన్నారు. మాట సబబుగానే తోస్తుంది. కాని రాయిని కరిగించి రసాయనికంగా పోల్చిచూస్తే లెక్క అటు తేలలేదు. టైటానియం, జిర్కోనియం, బేరియం లాంటి మూలకాల పాళ్ళు, స్ట్రాన్షియం ఐసోటోపుల నిష్పత్తులు లావాకు వేలిముద్రల్లాంటివి. రాజమండ్రి కింది పొర వేలిముద్ర పశ్చిమ కనుమల్లో అంబెనలి అనే దొంతరతో, పై పొర మహాబలేశ్వర్ దొంతరతో సరిపోతున్నాయి. సరిగ్గా అదే క్రమంలో, ఒకటి కింద, ఒకటి పైన. వయసు చూసినా అయస్కాంత దిశ చూసినా పొంతన కుదురుతోంది. 2008లో అగ్నిపర్వత శాస్త్రవేత్త స్టీఫెన్ సెల్ఫ్ బృందం వేసిన ప్రశ్న ఇదే: భూమి మీద అన్నిటికన్నా పొడవైన లావా ప్రవాహాలు ఇవేనా? మహాబలేశ్వరం వైపు నుంచి రాజమండ్రి దాకా, ఆపైన సముద్రం అడుగుదాకా, వెయ్యి కిలోమీటర్లకు మించిన ప్రయాణం.

మరి మధ్యలో 400 కిలోమీటర్ల ఖాళీ ఏమిటి? లావా కూడా నీళ్ళలాగే పల్లం వెతుక్కుంటుంది. ఆనాటి గోదారో కృష్ణో, వాటికి ముందున్న ఏ వాగులోయో దానికి దారి చూపించి ఉండాలి. సన్నటి లోయలో పారిన లావా పలచటి పట్టీలా మిగులుతుంది. ఆ తరవాతి కోట్ల ఏళ్ళలో అదే లోయను నది మళ్ళీ కోసుకుంటూ పోతే మొదట కొట్టుకుపోయేది ఆ పట్టీయే. తీరం దగ్గర మాత్రం నేల కుంగుతూ, పైన ఇసుకా మట్టీ కప్పుకుంటూ రావడంతో రాయి బతికిపోయింది.

వెయ్యి కిలోమీటర్లు గడ్డకట్టకుండా ఎలా

నమ్మబుద్ధి కానిది ఇక్కడే. బసాల్ట్ లావా 1150 డిగ్రీల సెల్సియస్ దగ్గర బయటికొస్తుంది. వంద డిగ్రీలు తగ్గితే చాలు, చిక్కబడి కదలనని మొరాయిస్తుంది. హవాయిలో పైన పెచ్చు కట్టి సొరంగంలా మారిన లావా కాలవల్లో నష్టం కిలోమీటరుకు ఒక డిగ్రీకి అటూఇటూ ఉంటుంది. ఆ లెక్కన వంద కిలోమీటర్లకే ఆగిపోవాలి.

జవాబు మందంలో ఉంది. గిన్నెలో కాచిన పాలు పళ్ళెంలో పోస్తే ఇట్టే చల్లారతాయి, గిన్నెలోనే ఉంచితే మీగడ కట్టి గంటల తరబడి వెచ్చగా ఉంటాయి. లావా పైన కట్టే పెచ్చు కూడా మీగడలాంటిదే. రాయి వేడిని అతి నెమ్మదిగా బయటికి వదులుతుంది. పెచ్చు కింద కొత్త లావా చేరుతున్నకొద్దీ పెచ్చు మొత్తంగా పైకి లేస్తుంది. మోకాలెత్తుతో మొదలైన నాలుక పదుల మీటర్ల పలక అవుతుంది. అంత మందంలో వేడి నష్టం కిలోమీటరుకు డిగ్రీలో పదో వంతుకు పడిపోతుంది. కాబట్టి ఇంత దూరం రావడానికి లావా పరిగెత్తనక్కర లేదు. పెచ్చు చెదరకుండా, వెనకనుంచి సరఫరా ఆగకుండా ఉంటే నెమ్మదిగా నడిచినా చాలు.

సరఫరా ఎంతో ఊహించడానికి గోదారినే కొలతగా పెట్టుకోవచ్చు. 1986 ఆగస్టు వరద ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ గరిష్ఠ స్థాయిలో ఒక రోజంతా పారితే పోయే నీరు సుమారు 8.6 ఘన కిలోమీటర్లు. 1783–84లో ఐస్‌లాండ్‌లో లాకి చీలిక 8 నెలలపాటు కక్కిన లావా మొత్తం 15 ఘన కిలోమీటర్ల లోపు, అంటే ఆ వరదలో రెండు రోజులు కూడా కాదు. దక్కన్‌లో ఒక్కొక్క పెద్ద ప్రవాహం పరిమాణం వేల ఘన కిలోమీటర్లని అంచనా. వెయ్యికే లెక్కేసినా, 86 వరద తగ్గకుండా నాలుగు నెలలు పారాలి. నీళ్ళు కాదు, నిప్పు.

గోడ ముందు నిలబడి

క్వారీలోకి అడుగుపెట్టే ముందు ఒక మాట. లీజుదారు అనుమతి, పేలుళ్ళ వేళలు తెలుసుకోకుండా వెళ్ళకూడదు. గోడ ఎంత ఎత్తుంటే కనీసం అంత దూరంలో నిలబడటం మంచిది. నిలువు బీటల్లో రాళ్ళను పట్టి ఉంచే మట్టిని వానలు కడిగేస్తాయి. అందుకే రాళ్ళు విరిగిపడేది నడి వానాకాలంలోనే కాదు, వానలు తగ్గి మట్టి ఆరి కుంచించుకునే ఈ నెలల్లో కూడా. పాత గుంటల్లో నిలిచిన నీలపు నీళ్ళు ముచ్చటగానే ఉంటాయి. అవి చెరువులు కావు, గట్టు వాలుగా దిగదు. ఒక అడుగు మోకాలి లోతు, మరో అడుగు మూడు మనుషుల లోతు.

పనిముట్లు తక్కువే కావాలి: పది రెట్లు పెద్దది చేసే భూతద్దం, టేపు, చిన్న సుత్తి, కళ్ళజోడు, ఒక సీసాలో వెనిగర్. ఫోన్‌లో దిక్సూచిని ఇక్కడ నమ్మకూడదు. ఈ రాతిలో అయస్కాంత ఖనిజం ఉంది కాబట్టి గోడ దగ్గరికి వెళ్ళేసరికి ముల్లు పక్కకు లాగుతుంది. కొలతలు తీసేవాళ్ళు ఎండ నీడను పట్టుకుని దిక్కు లెక్కగడతారు.

గోడను కిందినుంచి పైకి చదవాలి. అడుగున అర మీటరు మందాన చిన్న చిన్న రంధ్రాల పొర ఉంటుంది. తడి నేల మీదో చల్లటి రాతి మీదో పడిన లావా చప్పున గడ్డకట్టి బుడగల్ని బందీ చేసిన చోటది. అక్కడక్కడ పెన్సిల్ మందాన గొట్టాల్లా నిలబడ్డ బుడగలు కనబడతాయి. వాటి తల ఎటు వంగిందో లావా అటు పారింది. ఒకటి రెండు చూసి దిక్కు తేల్చేయకూడదు, నాలుకలు అటూఇటూ మళ్ళుతూ వస్తాయి. పాతిక ముప్ఫై కొలిచి సరాసరి తీయాలి.

దాని పైన నడిమి భాగం. రంధ్రాలు లేవు, నల్లగా బిగువుగా ఉంటుంది. సుత్తితో కొడితే కంచు మోగినట్టు ఖంగున మోగుతుంది. నిలువు బీటలు దాన్ని స్తంభాలుగా చీలుస్తాయి. చల్లబడేటప్పుడు రాయి కుంచించుకుపోతే వచ్చిన బీటలవి. చెరువు ఎండితే అడుగున నేల పలకలుగా పగులుతుందే, ఆ ఆటే, లోతుకు సాగింది. పాతబడ్డ గోడల్లో ఈ దిమ్మలు మూలలు అరిగి ఉల్లిపాయ పొరల్లా ఊడుతుంటాయి.

ఇంకా పైకి పోతే రంధ్రాలు మళ్ళీ మొదలై పైకి పోనుపోను ఎక్కువవుతాయి. ఇది పై పెచ్చు, మనకు గడియారం. పెచ్చు ఎదిగే వేగాన్ని హవాయిలో కళ్ళముందే కొలిచారు. దాన్నిబట్టి తేలిన లెక్క సులువు: పెచ్చు మందాన్ని మీటర్లలో కొలిచి, వర్గం చేసి, 164.8తో గుణిస్తే, దాని కింద లావా ఎన్ని గంటలు ద్రవంగా కదిలిందో వస్తుంది. పెచ్చు 5 మీటర్లుంటే 4,120 గంటలు, ఆరు నెలలకు కాస్త తక్కువ. 10 మీటర్లుంటే రెట్టింపు కాదు, నాలుగింతలు: 16,480 గంటలు, దాదాపు రెండేళ్ళు. ఇందులో పొరపాటు జరిగేది ఒకే చోట. ఒకదానిమీద ఒకటి పడ్డ రెండు నాలుకల్ని ఒకే పెచ్చుగా కొలిస్తే లెక్క తలకిందులవుతుంది. మధ్యలో ఎక్కడైనా గాజులా నున్నటి సన్న గీత ఉందేమో చూసి మరీ టేపు పెట్టాలి.

రంధ్రాలు చాలావరకు తరవాత వచ్చిన తెల్లటి ఖనిజాలతో పూడి ఉంటాయి. మేకుతో గీకి, ఆ పొడి మీద వెనిగర్ చుక్క వేయాలి. బుసబుస పొంగితే కాల్సైట్. పొంగకుండా సూదుల్లా, ఈకల్లా ఉంటే జియోలైట్ కావచ్చు. మైనంలా పాలిపోయి మేకుకు లొంగకపోతే స్ఫటిక జాతి చాల్సిడొనీ.

క్రషర్ దగ్గర కూడా ఇదే విద్య పనికొస్తుంది. నడిమి భాగపు రాయితో చేసిన మెటల్ నిక్కమైన సరుకు. పై పెచ్చు రాయి కలిస్తే రంధ్రాల్లో నీరు తాగుతుంది, బరువు తగ్గుతుంది, చాల్సిడొనీ పాలు ఎక్కువైతే సిమెంటులోని క్షారంతో కలిసి ఏళ్ళ తరవాత కాంక్రీటును లోపలినుంచి ఉబ్బించే ప్రమాదమూ ఉంది. ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఇది: ఆరిన కంకర కిలో తూచి, 24 గంటలు నీళ్ళలో నానబెట్టి, గుడ్డతో పైతడి తుడిచి మళ్ళీ తూచాలి. 20 గ్రాములకు మించి పెరిగితే, అంటే 2 శాతం దాటితే, ఆ లోడు శ్లాబుకు వద్దు. రాయి బిగువైనదైనా క్రషర్ దవడ అరిగిపోతే అప్పడాల్లాంటి పలుచటి ముక్కలు వస్తాయి. చేతిలోకి తీసుకుని మందం చూస్తే తెలిసిపోతుంది.

మెట్టలో బోరు వేసేవాళ్ళకి కూడా ఈ పొరలే దిక్కు. నడిమి భాగంలో నీరు నిలవడానికి చోటే ఉండదు. నీరు దొరికేది రంధ్రాలూ బీటలూ కలిసిన చోట, రెండు లావాల సందున. ఒక చేలో రెండంగుళాల నీరు పడి పక్క చేలో పొడి లేచిందంటే కారణం చాలాసార్లు ఇదే.

లావాకీ లావాకీ మధ్య సముద్రం

దుద్దుకూరు, గౌరీపట్నం క్వారీల్లో నల్లటి రెండు పొరల మధ్య పాలిపోయిన పట్టీ ఒకటుంటుంది. మందం కొద్ది మీటర్లే. గోడ తడిగా ఉన్నప్పుడు నల్లరాయి మరింత నల్లబడుతుంది కాబట్టి ఈ పట్టీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దీని కోసమే శరత్తులో రావాలి. అది సున్నపురాయీ బంకమన్నూ. అందులో ఆల్చిప్పలున్నాయి, నత్తగుల్లలున్నాయి. కాటేరులో మంచినీటి, చవిటినీటి మడుగుల్లో పెరిగే కారా జాతి నాచు కాయలు కూడా దొరికాయి. దాని మీద 1939 నాటికే పరిశోధన అచ్చయింది. అంటే మొదటి లావా చల్లారాక ఇక్కడ నది సముద్రంలో కలిసే మొగ ఒకటి ఏర్పడింది. కోరంగి, అంతర్వేదిలాంటిది. గుల్లలు పుట్టి పెరిగి తరాలు గడిచాక మళ్ళీ లావా వచ్చి పడింది.

ఈ పట్టీలో కంటికి ఆనని ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లలు కూడా ఉన్నాయి. డైనోసార్లు పోయిన వినాశనంలో వీటిలో సముద్రంలో తేలుతూ బతికేవి దాదాపు తుడిచిపెట్టుకుపోయి, ఆ వెంటనే కొత్త చిన్న జాతులు పుట్టాయి. 2008లో శిలాజ శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం ఈ పట్టీలో వినాశనం అయిన వెంటనే పుట్టిన జాతుల్ని గుర్తించింది. కింది లావా పరుచుకోవడం, ఆ వినాశనం గీసిన కాలపు సరిహద్దూ ఇంచుమించు ఒకేసారి జరిగాయని వాదించింది. మెక్సికో తీరాన చిక్షులూబ్‌లో పడ్డ గ్రహశకలమే అన్నిటికీ కారణమన్నవాళ్ళకు ఇది మింగుడుపడలేదు. గౌరీపట్నం రాయి ఒక్కసారిగా అంతర్జాతీయ తగువులో సాక్షి అయింది.

2020లో ఇదే రాతిలో ఆర్గాన్ వాయువు పాళ్ళు కొలిచి, అయస్కాంత దిశలు చూసి, శిలాజాలు మళ్ళీ పరిశీలించిన మరో బృందం తీర్పు వేరుగా వచ్చింది. ఇక్కడ పైకి కనబడే లావా పొరలన్నీ ఆ సరిహద్దు దాటాకే వచ్చాయి, సరిహద్దు ఈ గోడల్లో లేదు అని. ఈ వాదం బలంగానే ఉంది. పట్టీలో కొత్త జాతులున్నాయంటే పట్టీ సరిహద్దు తరవాతిదని తేలుతుంది, అంతవరకే. దాని కింది లావా సరిహద్దుకు ముందుదా వెనకదా అన్నది పట్టీ చెప్పజాలదు, లావా వయసే చెప్పాలి.

అయస్కాంత దిశ సంగతి కాస్త విడమరచాలి. భూమి అయస్కాంతం కొన్ని లక్షల ఏళ్ళకోసారి తలకిందులవుతుంది. లావా గడ్డకట్టేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు ఆనాటి దిక్కును బిగబట్టేస్తాయి. రాజమండ్రి కింది పొర తలకిందుల కాలంలోది, పై పొర నిటారు కాలంలోది. రెంటి మధ్య భూమి దిక్కు మారింది. ఆ మార్పు జరిగే వేళకు ఇక్కడ ఆల్చిప్పలు బతుకుతున్నాయి.

అదే రాయి, రెండు మూడు కిలోమీటర్ల కింద

గౌరీపట్నంలో నేలమీద ఉన్న పొర ఆగ్నేయానికి ఒరుగుతూ, బేసిన్ అంచు పగుళ్ళ దగ్గర మెట్లుగా జారుతూ డెల్టా కిందికి దిగిపోతుంది. రాజోలు, పాలకొల్లు, నరసాపురం ప్రాంతాల్లో ఓఎన్‌జీసీ బావులు దాన్ని రెండు మూడు కిలోమీటర్ల లోతున, కొన్నిచోట్ల అంతకన్నా కిందా తాకాయి. అక్కడ దాని పేరు రాజోలు ఫార్మేషన్. పైన పేరుకున్న పొరల పేర్లు వరసగా చదివితే కోనసీమ, నరసాపురం బస్సులో కండక్టర్ పిలుపులా ఉంటుంది: పాలకొల్లు బంకరాయి, పాశర్లపూడి, భీమనపల్లి సున్నపురాయి, మత్స్యపురి ఇసుకరాయి, నరసాపురం బంకరాయి. వాటి మీద రాజమండ్రి ఇసుకరాయి, అన్నిటి మీదా గోదారి బంకమట్టి. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండినప్పుడు చూసినవాళ్ళు అగ్నిపర్వతమే అనుకున్నారు. మండింది గ్యాసు. లావా దానికీ చాలా కింద, ఎప్పుడో చల్లారి పడి ఉంది.

రెండో రాక

మొదటిసారి నిప్పుగా వచ్చిన రాయి రెండోసారి నీళ్ళలో కలిసి వచ్చింది. ఇంకా వస్తూనే ఉంది.

గోదారి త్ర్యంబకం దగ్గర పుట్టేది ఈ బసాల్ట్ కొండల్లోనే. 1,465 కిలోమీటర్ల నది, 3,12,812 చదరపు కిలోమీటర్ల పరివాహకం. అందులో సగానికి దగ్గరగా దక్కన్ లావా నేలే. బసాల్ట్ ఎండకూ వానకూ చివికితే స్మెక్టైట్ అనే బంకమట్టి తయారవుతుంది. రేగడి నేలకు ఆ జిగటంతా దానివల్లే. ఆషాఢ శ్రావణాల్లో ఎర్రనీళ్ళతో కలిసి ఆ మట్టి దిగుతుంది. తోడుగా ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చే గ్రానైట్, తూర్పు కనుమల ఇసుక కూడా ఉంటుంది.

అగస్త్య నక్షత్రం పొడిచాక శరత్తులో నీళ్ళు తేరతాయని పెద్దలు అనేవారు. నక్షత్రానికీ నీటికీ లంకె లేకపోయినా వేళ మాత్రం తప్పదు. వరద తగ్గుతుంది, లంకల్లో రెల్లు పూస్తుంది, నీటి వేగం తగ్గి మోసుకొచ్చింది దిగబడుతుంది. అయితే అన్నీ ఒకే వేగంతో దిగవు. ఇసుక రేణువు మీటరు లోతు నీళ్ళలో సెకన్లలో కిందికి చేరుతుంది. 2 మైక్రాన్ల బంకమట్టి రేణువుకు కదలని నీటిలోనే మూడు రోజులు పైన పడుతుంది. అంతకన్నా సన్నటివి వారాలు. అవన్నీ రుణ విద్యుదావేశంతో ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతుంటాయి. బురద నీటి బిందెలో పూర్వం చిల్లగింజ అరగదీసి కలిపినా, ఇప్పుడు పటిక తిప్పినా జరిగేది ఒకటే: ఆ తోపులాట తగ్గి రేణువులు ముద్దగట్టి దిగుతాయి. సముద్రపు ఉప్పు కూడా ఆ పనే చేస్తుంది. అందుకే గౌతమి మొగలో ఉప్పునీరు తగిలిన చోట బంకమట్టి కుప్పగా దిగి, కోరంగి మడ అడవి వేళ్ళూనుకునే బురద ఏర్పడుతుంది.

చూడాలంటే లీటరు సీసా చాలు. వరద నీరు ఒకటి, కార్తీకంలో పట్టిన నీరు ఒకటి పక్కపక్కన కదపకుండా పెట్టాలి. మొదటి దాంట్లో నిమిషంలో ఇసుక, గంటలో ఒండ్రు పొర కడతాయి. వారానికైనా పైనీళ్ళు పలచటి టీ రంగులోనే ఉంటే ఆ రంగులో చాలా పాలు మహారాష్ట్ర లావాదే.

పొలంలో ఈ మట్టి స్వభావం కార్తీకం దాటాకే బయటపడుతుంది. స్మెక్టైట్ పొరల మధ్యకు నీరు చేరితే ఉబ్బుతుంది, పోతే ముడుచుకుంటుంది. సార్వా కోతలయ్యాక నెర్రెలు పడేది అందుకే. దాళ్వాకు కాలవ నీరు వదలని ఏడు రైతు వరి కోతకు రెండు మూడు రోజుల ముందే నిలబడ్డ చేలో మినుములు చల్లడంలో కిటుకు ఇదే: మట్టి పట్టి ఉంచిన తడి ఒక్కటే ఆ పంటకు ఆధారం. చల్లడం ఆలస్యమై నేల బిగిస్తే మొలక రాదు. బురదగా ఉండగానే కోత మిషను దించితే చక్రం జాడల్లో నేల అదిమి గట్టిపడి అక్కడా రాదు.

ఇళ్ళకూ ఇదే తంటా. రేగడి నేల మీద లోతు లేని పునాది వేస్తే, గోడల మూలల్లో, కిటికీల కొసల నుంచి ఏటవాలుగా బీటలు వస్తాయి. వానల్లో సన్నబడి, శీతాకాలం నుంచి వేసవి దాకా వెడల్పవుతుంటాయి. సిమెంటు పూసి మూయడం దండగ, పగులు పక్కనే మళ్ళీ వస్తుంది. తడి మారని లోతుకు, మామూలుగా మూడున్నర మీటర్లకు, అడుగున ఉబ్బెత్తు ఉండే అండర్ రీమ్డ్ పైల్ దింపడం మేలు. ఆ ఉబ్బు కాండానికి రెండున్నర రెట్లు ఉండాలి. పైన వేసే బీముకీ నేలకూ మధ్య ఖాళీ వదలాలి. చాలామంది మేస్త్రీలు మరిచిపోయేది ఈ ఖాళీనే. అది లేకపోతే ఉబ్బిన నేల బీమునే ఎత్తేస్తుంది, పైళ్ళకు పెట్టిన ఖర్చు వృథా.

రెండో రాక ఇప్పుడు సన్నగిల్లింది. 1970లలో గోదారి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల మట్టి తెచ్చేది, 1990లకు అది 6 కోట్లకు లోపే. మిగతాది ఎగువ ఆనకట్టల వెనక ఆగిపోతోంది. మట్టి రాని మొగల్లో సముద్రం తనకు కావలసింది ఒడ్డునుంచే కోసుకుంటుంది.

అంతర్వేది ఇసుకలో ఆ రెండు రాకలూ కలిసే ఉన్నాయి. అల వెనక్కి తగ్గాక తడి ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. చారలోంచి గుప్పెడు తీసి ఆరబెట్టి, పళ్ళెంలో పలచగా పరిచి అయస్కాంతం తిప్పితే నల్ల రేణువులు ఎగిరి అంటుకుంటాయి. అది మాగ్నటైట్, కొంత లావా రాతిది, కొంత తూర్పు కనుమలది. అంటుకోకుండా మిగిలిన గులాబీ రంగు గింజలు గార్నెట్లు, పూర్తిగా తూర్పు కనుమల సరుకు. అయస్కాంతాన్ని ముందే పాలిథిన్ కవర్లో చుట్టి వాడాలి. నేరుగా వాడితే ఆ రేణువులు మళ్ళీ ఊడవు.